ఫోన్‌లో వైద్య సలహా: పెద్దవారి చేతికే అప్పగించండి

గాజువాకలో ఒంటరిగా ఉంటున్న మీ అమ్మగారికి ఫోన్ ద్వారా డాక్టరుతో మాట్లాడడం నేర్పాలా, లేక బెంగళూరు నుంచి మీరే అన్నీ చూసుకోవాలా అని అడిగారు. తప్పకుండా నేర్పించండి. నేను సీతమ్మధారలో ఉంటాను. వయసు 71, బీపీ, షుగరు రెండూ ఉన్నాయి.

ముందుగా ఆవిడ ఆధార్‌కు ఎవరి నంబరు ఉందో చూడండి. నేనెరిగిన చాలామంది పెద్దల ఆధార్‌కు కొడుకు నంబరో కూతురి నంబరో ఉంది. ఆరోగ్య రికార్డులు ఒకచోట ఉండేందుకు ప్రభుత్వం ఇచ్చే 14 అంకెల ఆభా సంఖ్యను ఆధార్‌తో తీసుకోబోతే ఓటీపీ ఆ నంబరుకే వెళుతుంది; అక్కడ మీరు మీటింగులో ఉంటే, ఇక్కడ ఆవిడ ఆసుపత్రి కౌంటరు దగ్గర నిలబడి ఎదురుచూడాలి. ఈసారి వచ్చినప్పుడు ఆవిడను ఆధార్ కేంద్రానికి తీసుకెళ్లి సొంత నంబరు పెట్టించండి.

నంబరు ఆవిడదే కావాలనడానికి ఇంకో కారణం కూడా ఉంది, నాకు అదే ముఖ్యం. మా వదినగారికి మూత్రం ఆపుకోలేని ఇబ్బంది ఉండేది. వీడియో కాల్‌లో ఫోన్ పట్టుకునేది కొడుకే కావడంతో ఆవిడ మోకాళ్ల నొప్పుల గురించి తప్ప మరేమీ చెప్పలేదు. తన ఫోన్‌తో, తన గదిలో, తలుపు వేసుకుని, ఫోన్‌లో డాక్టరుతో మాట్లాడించే ప్రభుత్వ సేవ ఈ-సంజీవనిలో ఒక్కతే మాట్లాడిన రోజున ఆ మాట డాక్టరుగారికి చెప్పగలిగింది. అందులో సలహాకు రుసుము లేదు, మందుల చీటీ కూడా ఫోన్‌కే వస్తుంది. వినికిడి తగ్గినవారికి ఇయర్‌ఫోన్లు పెడితే సగం కష్టం తీరుతుంది.

కాల్‌కు ముందు ఆవిడ ఐదు నిమిషాలు కుదురుగా కూర్చుని, నిమిషం తేడాతో రెండుసార్లు బీపీ చూసి, ఆ అంకెలు, వాడుతున్న మందుల పేర్లు కాగితం మీద రాసి దగ్గర పెట్టుకోవాలి. 2020 మార్చి 25న కేంద్రం ఇచ్చిన టెలీమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం చీటీ మీద డాక్టరు పేరు, రిజిస్ట్రేషన్ సంఖ్య ఉండాలి. అవి లేని చీటీతో మందులు కొనవద్దని చెప్పండి.

అన్నీ ఫోన్‌లో తేలవు. నా పాదాల వాపును నొక్కి చూడనిదే ఏమీ చెప్పలేనని డాక్టరుగారు నన్ను నేరుగా రమ్మన్నారు, అది సరైన మాటే. ఛాతీలో నొప్పి వచ్చినా, మాట తడబడినా, మూతి ఒక పక్కకు వంకరపోయినా ఏ యాప్ జోలికీ పోకుండా వెంటనే 108కి ఫోన్ చేయాలని ఆవిడతోను, పక్కింటివారితోను ముందే చెప్పి ఉంచండి.