ఏరేటర్ల చప్పుడుతో మొదలుపెట్టమనండి

ప్రశ్న: మాది అల్లూరు దగ్గర పల్లె. రొయ్యల చెరువులు చేస్తాం. మావాడు నెల్లూరులో ఇంటర్ ఎంపీసీ రెండో ఏడాది చదువుతున్నాడు. చీకటి హాల్లో ఒకతను కంప్యూటర్ ముందు నిలబడి ఏదో నొక్కుతుంటే గోడల నిండా బొమ్మలు కదలడం, దానికి తగ్గట్టు సౌండు రావడం వీడియోలో చూశాడంట. ఏఐతో చేసే కళంట. "నేనదే చేస్తా, బీటెక్ వద్దు" అంటున్నాడు. అసలిది చదువేనా? కూడు పెడుతుందా?

జవాబు: చదువే. కూడు సంగతి మాత్రం కొంచెం వివరంగా చెప్పాలి.

ముందు మీవాడు చూసిందేమిటో మీకూ తెలియాలి. న్యూయార్క్‌లోని మోమా అనే ఆధునిక కళల మ్యూజియంలో 2022లో రెఫిక్ అనడోల్ అనే కళాకారుడు 24 అడుగుల ఎత్తు తెర పెట్టాడు. ఆ మ్యూజియం దగ్గరున్న రెండు వందల ఏళ్ల కళాఖండాల వివరాలన్నీ కంప్యూటర్‌కు నేర్పించాడు. ఆ తెర మీద బొమ్మ ఎప్పుడూ ఒకేలా ఉండదు. బయటి వాతావరణం, హాల్లో జనం కదలికలు, వాళ్ల చప్పుడు, అన్నింటినీ పట్టుకుని మారిపోతూ ఉంటుంది. గాయని హోలీ హెర్న్‌డన్ తన గొంతు, తన బృందం గొంతులు ఏఐకి నేర్పించి, దాన్నీ గాయకుల్లో ఒకదాన్ని చేసి 2019లో ఆల్బమ్ తెచ్చింది. మన దేశంలోనూ ఉంది. ఢిల్లీలోని నేచర్ మోర్ట్ గ్యాలరీలో 2018లోనే ఏఐ కళాప్రదర్శన పెడితే, అందులో మన హర్షిత్ అగ్రవాల్ పనులున్నాయి. ఆయన అమెరికాలో ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో చదివినవాడు.

ఇక కూడు. సొంత కళ మీదే బతికేవాళ్లు ఎక్కడైనా చాలా తక్కువ. మిగతావాళ్లు ఇదే పనితనాన్ని వేరేచోట అమ్ముకుంటారు: ఈవెంట్ల ఎల్‌ఈడీ తెరలు నడపడం, కోట గోడల మీద ప్రొజెక్షన్ వేయడం, మ్యూజియం గ్యాలరీలు, గేమ్ స్టూడియోలు, సినిమా సౌండు. ఆ పనులు హైదరాబాద్, బెంగళూరుల్లో దొరుకుతాయి. కానీ నెలనెలా ఒకే జీతం వస్తుందనుకోవద్దు. రొయ్యల కౌంటు ధర ఒక పంటకు ఎగిరి, ఇంకో పంటకు పడిపోవడం చూసిన మీకు ఇది నేను విడమరచి చెప్పక్కర్లేదు. పడిపోయిన ఏడాది తట్టుకునే ఓపిక మీవాడికుందా అన్నదే చూడాలి.

చదువు విషయంలో నా అభిప్రాయం నిక్కచ్చిగా చెబుతాను. ఈ ఒక్క మోజు కోసం 'ఏఐ' అని పేరున్న బీటెక్ బ్రాంచిలో చేర్చకండి. అక్కడ నేర్పేది వేరే. తెర ముందు మనిషి ఏం అనుభవిస్తాడన్నది ఆ క్లాసుల్లో రాదు. దీనికి దగ్గరి దారి డిజైన్ కోర్సు. ఐఐటీల్లో బీడిజైన్ డిగ్రీ కోసం ఐఐటీ బాంబే యూసీడ్ పరీక్ష పెడుతుంది. జనవరిలో ఉంటుంది, దరఖాస్తులు అంతకు ముందే మొదలవుతాయి. వరుసగా రెండేళ్లు రాయొచ్చు. ఎన్‌ఐడీలకు, అంటే జాతీయ డిజైన్ సంస్థలకు, డ్యాట్ అని వేరే పరీక్ష. మన రాష్ట్రంలోనే ఎన్‌ఐడీ ఆంధ్రప్రదేశ్ ఉంది, కమ్యూనికేషన్ డిజైన్ అక్కడ నేర్పుతారు. ఎన్‌ఐడీలో న్యూ మీడియా డిజైన్ పీజీ కోర్సు కాబట్టి, బీటెక్ చేసినా తర్వాత అటు వెళ్లే దారి మూసుకుపోదు. బీఎఫ్‌ఏ, అంటే కళల డిగ్రీ, కావాలంటే కడపలో ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉంది. యూసీడ్ అంటే బొమ్మలేయడం ఒక్కటే అనుకునేరు, లెక్కలు, తర్కం కూడా అడుగుతారు. ఎంపీసీ పిల్లాడికి అది మేలే. ఈఏపీసెట్ మాత్రం మానొద్దు, అది కూడా రాయాలి.

అసలు మాట ఇప్పుడు. మీవాడు దీన్ని ఇష్టపడుతున్నాడా, చూసి మురిసిపోతున్నాడా అన్నది పరీక్షల తర్వాత సెలవుల్లో తేలిపోవాలి. పీఫైవ్ జేఎస్ అనే ఉచిత సాధనం పాత కంప్యూటర్ బ్రౌజర్‌లోనే నడుస్తుంది. కోడు రాస్తే బొమ్మ కదులుతుంది. అది చేతికొచ్చాక టచ్‌డిజైనర్ అనే సాఫ్ట్‌వేర్. షోలు చేసేవాళ్లు ఎక్కువగా వాడేది ఇదే. నేర్చుకునేవాళ్లకు ఉచితం, బొమ్మ సైజుకు మాత్రం పరిమితి ఉంటుంది. దీనికి గ్రాఫిక్స్ కార్డున్న లాప్‌టాప్ కావాలి గానీ, పీఫైవ్‌లో ఒకటి చేసి చూపించేదాకా కొనకండి. ఎంత ఏడ్చినా సరే.

రెండు వాక్యాలు టైప్ చేసి ఏఐ గీసిన బొమ్మ తెచ్చి "నేను చేశా" అంటే ఒప్పుకోవద్దు. అది ఎవరైనా చేస్తారు. మీవాడి దగ్గర ఉండి ఇంకొకడి దగ్గర లేనిదేమిటి? రాత్రిపూట మీ చెరువుల్లో నీళ్లకు గాలి అందించే ఏరేటర్లు తిరిగే చప్పుడు. జువ్వలదిన్నె హార్బర్లో పడవల మోత. ఫోన్లో రికార్డు చేసుకోమనండి. ఆ సౌండు పెరిగితే తెర మీద నీళ్లు ఎలా కదలాలో వాడే నిర్ణయించాలి. మన జిల్లాలో తోలుబొమ్మలాట ఆడే కుటుంబాలు ఇంకా ఉన్నాయి. వెనక దీపం, ముందు తెర, పక్కన హార్మోనియం, ఆడేవాడే పాడేవాడు: ఒక మనిషి చేతిలో వెలుగు, శబ్దం, కథ కలిసి ఎలా నడుస్తాయో అక్కడ కూర్చుని చూస్తే తెలుస్తుంది. వాళ్ల పాట ఏఐకి ఎక్కించాలనుకుంటే మాత్రం ముందు అడగాలి, డబ్బులివ్వాలి. గొంతు వాళ్లది.

బొమ్మల కంటే సౌండు మీద ఎక్కువ మనసు పెట్టమనండి. గ్రాఫిక్స్ చేసే కుర్రాళ్లు వీధికొకరున్నారు, సౌండు తెలిసినవాళ్లకే కరువు. పైగా పుణెలో సినిమా నేర్పే ఎఫ్‌టీఐఐలో డిగ్రీ తర్వాత సౌండు కోర్సు ఉంది, ఆ దారి కూడా తెరిచే ఉంటుంది.

సెలవులయ్యేలోపు ఐదు నిమిషాల షో ఒకటి మీ ఇంటి గోడ మీద వేసి చూపించాలని వాడితో ఖాయం చేసుకోండి. ప్రొజెక్టర్ ఒక రాత్రికి అద్దెకు దొరుకుతుంది. చూపిస్తే యూసీడ్ కోచింగ్ గురించి మాట్లాడుకుందాం. చూపించకపోతే ఈఏపీసెట్ ర్యాంకుతో కౌన్సెలింగ్‌కు తీసుకెళ్లండి.