సినిమాలు, సీరియళ్లు, యాడ్స్‌ని జెండర్ కోణంలో చదవడం: అబ్బాయిలు చదవొచ్చా, ఉద్యోగాలు వస్తాయా?

ప్రశ్న: సర్, నేను బీకామ్ ఫైనలియర్. సినిమాలు, వెబ్ సిరీస్‌లు, యాడ్స్‌లో ఆడా మగా ఎలా చూపిస్తారో చదివే జెండర్, కల్చర్ అండ్ మీడియా పీజీ చేద్దామనుకుంటున్నా. నాన్నేమో సినిమాలు చూడ్డానికి డిగ్రీ ఎందుకురా అంటున్నారు, ఫ్రెండ్స్ అది అమ్మాయిల సబ్జెక్ట్ కదా అని నవ్వుతున్నారు. దీనికి ఉద్యోగాలు ఉంటాయా? చేరాలా వద్దా?

జవాబు: తమ్ముడూ, ముందు నీ ఫ్రెండ్స్ సంగతి తేల్చేద్దాం, అది చిన్నది. హీరో పదిమందిని కొట్టొచ్చు గానీ ఏడవకూడదు ఎందుకు, భయపడే మగాడు కనిపిస్తే అతను కామెడీ పాత్రే అయ్యుంటాడని మనకి ముందే ఎలా తెలిసిపోతుంది, యాడ్‌లో బండి నడిపేది ఎవరు వెనక కూర్చునేది ఎవరు, ఇవన్నీ ఈ సబ్జెక్ట్‌లో ప్రశ్నలే, సగం మగవాళ్ల గురించే. ఆస్ట్రేలియా సోషియాలజిస్ట్ రేవిన్ కానెల్ మగతనాల మీద 1995లో ఒక పుస్తకమే రాశారు, ఒక రకం మగతనం పైన కూర్చుని ఆడవాళ్లనే కాదు మిగతా మగవాళ్లని కూడా ఎలా కిందకి నెడుతుందో అందులో ఉంటుంది. కాబట్టి నువ్వు నిక్షేపంగా చదవొచ్చు. క్లాసులో అబ్బాయిలు తక్కువ ఉండొచ్చు, మొదట్లో మాట్లాడ్డం కంటే వినడం ఎక్కువ చెయ్యాల్సి రావచ్చు, అంతే.

మీ నాన్నగారి డౌట్ మాత్రం నవ్వి వదిలేసేది కాదు. సినిమా చూసి ఇది ఆడవాళ్లని కించపరిచింది అనడానికి నిజంగానే డిగ్రీ అక్కర్లేదు, ఆ పని ఇప్పుడు అందరం ఫోన్‌లో ఫ్రీగా చేస్తున్నాం. మరి కోర్సులో కొత్తగా ఏం నేర్పుతారు అంటే పద్ధతి నేర్పుతారు. ఈ ముక్క అర్థం కాకుండా చేరినవాళ్లే తర్వాత ఉద్యోగం లేదని తిట్టుకునేది.

ఉదాహరణకి బ్రిటన్ సినిమా సిద్ధాంతకర్త లారా మల్వీ 1975లో ఒక వ్యాసం రాసింది, మేల్ గేజ్, అంటే ఆడవాళ్లని మగచూపుతో చూపించడం, అని అందరూ వాడే మాట అక్కడినుంచే పాకింది. ఆమె హాలీవుడ్ సినిమాలు ఆడవాళ్లని తక్కువగా చూపించాయి అని ఊరుకోలేదు, కెమెరా చూపు, హాల్లో కూర్చున్నవాళ్ల చూపు, తెర మీద పాత్రలు ఒకరినొకరు చూసుకునే చూపు, ఈ మూడూ విడదీసి, కెమెరాని, ప్రేక్షకుణ్ణి మర్చిపోయి మనం హీరో కళ్లతో చూసేలా ఎలా కుడతారో చెప్పింది. అది షాట్ షాట్‌గా చదవడం. ఎర్వింగ్ గాఫ్‌మన్ అనే ఇంకో సోషియాలజిస్ట్ 1970ల్లో వందలకొద్దీ యాడ్ ఫోటోలు ముందేసుకుని చేతుల్ని చూశాడు, మగవాళ్ల చేతులు వస్తువుని గట్టిగా పట్టుకుంటాయి, ఆడవాళ్ల వేళ్లు ఊరికే తాకీతాకనట్టు రాసుకుంటూ పోతాయి, ఎవరు పొడుగ్గా నిలబడ్డారు ఎవరు పడుకున్నారు ఎవరి తల పక్కకి వాలింది, ఇలాంటివి. ఇప్పుడు ఒక యాడ్ బ్రేక్ చూడు, చేతులు మాత్రమే చూడు, ఇంక మామూలుగా చూడలేవు నువ్వు.

నాకు వీటన్నిటికంటే ఇష్టమైంది అమెరికా పరిశోధకురాలు జానిస్ రాడ్‌వే పని, 1984లో పుస్తకంగా వచ్చింది. అమెరికాలో రొమాన్స్ నవలలు విపరీతంగా చదివే ఆడవాళ్లు, వీళ్లని నవలలు మాయ చేస్తున్నాయి అని దూరం నుంచి తేల్చేయడం చాలా ఈజీ, కానీ ఆమె వెళ్లి వాళ్లనే అడిగింది. వాళ్లు చెప్పింది కథ గురించి కంటే చదవడం అనే పని గురించి, పుస్తకం చేతిలో ఉన్నంతసేపు మొగుడూ పిల్లలూ తన జోలికి రారు, ఆ కాసేపూ తనది. ఈ సంగతి నవలని ఎన్నిసార్లు తిరగేసినా దొరకదు, మనిషిని అడిగితేనే దొరుకుతుంది. అలా అని ఆ నవలలకి ఆమె క్లీన్ చిట్ కూడా ఇవ్వలేదనుకో.

ఇక లెక్కపెట్టే పద్ధతి. గ్లోబల్ మీడియా మానిటరింగ్ ప్రాజెక్ట్ అని 1995 నుంచి ఐదేళ్లకోసారి జరుగుతుంది, చాలా దేశాల్లో వాలంటీర్లు ఒకే రోజు వార్తలు తీసుకుని ఎవరు కనిపించారు ఎవరు మాట్లాడారు అని లెక్క రాస్తారు. మొదటిసారి వార్తల్లోని మనుషుల్లో ఆడవాళ్లు 17 శాతం, 2020లో 25 శాతం. పాతికేళ్లకి ఎనిమిది పాయింట్లు! మీటింగ్‌లో ఈ అంకె పెడితే ఎడిటర్ సమాధానం చెప్పుకోవాలి, నా అభిప్రాయం ఇదీ అంటే టీ తాగి వెళ్లిపోతాడు. కాకపోతే లెక్కల్ని గుడ్డిగా నమ్మకు, బెక్‌డెల్ టెస్ట్ ఉంది కదా, సినిమాలో ఇద్దరు ఆడవాళ్లు ఉండాలి, ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలి, అది మగాడి గురించి కాకూడదు, అది 1985లో ఒక కామిక్ స్ట్రిప్‌లో వచ్చిన చురక, దాన్ని పట్టుకుని ఈ సినిమా పాస్ ఆ సినిమా ఫెయిల్ అని తీర్పులు చెప్పేస్తున్నారు జనం. ఒక్క సినిమా బాగోగులు దాంతో తేలవు, వెయ్యి సినిమాల్ని కలిపి చూస్తే మాత్రం ఏదో తెలుస్తుంది.

ఇప్పుడు ఉద్యోగాలు. జెండర్ అండ్ కల్చర్ గ్రాడ్యుయేట్ కావలెను అని నోటిఫికేషన్ పడదు, అది ముందే నాన్నగారికి చెప్పెయ్. వచ్చేవి ఎలాంటివంటే, స్వచ్ఛంద సంస్థల్లో, అంతర్జాతీయ సంస్థల్లో రీసెర్చ్, కమ్యూనికేషన్ పనులు, యాడ్ ఏజెన్సీల్లో కన్స్యూమర్ రీసెర్చ్, స్ట్రీమింగ్ కంపెనీల్లో ఆడియన్స్ రీసెర్చ్, స్క్రిప్ట్ చదివి రిపోర్ట్ రాసే పని, సోషల్ మీడియా కంపెనీల్లో వేధింపులు, అసభ్య కంటెంట్ మీద రూల్స్ చూసే టీమ్‌లు, జర్నలిజం, పబ్లిషింగ్, పీహెచ్‌డీ చేస్తే టీచింగ్. వీటిలో ఎక్కడా నువ్వు ఫెమినిస్ట్ థియరీ ఎంత చదివావు అని అడగరు, ఇంటర్వ్యూలు చేయగలవా, వాటిని కోడింగ్ చేయగలవా, రెండు పేజీల్లో తేల్చి రాయగలవా అని అడుగుతారు. కోడింగ్ అంటే ప్రోగ్రామింగ్ కాదు, మాటల్ని, సీన్లని వర్గాలుగా గుర్తుపెట్టడం. నువ్వు బీకామ్ కాబట్టి అంకెలంటే భయం ఉండదు, ఈ ఫీల్డ్‌లో చాలామందికి ఉంటుంది, అది నీకు ప్లస్, దాచిపెట్టుకోకు. జీతాలు మొదట్లో నీ బీకామ్ బ్యాచ్‌మేట్స్ కంటే తక్కువే ఉండొచ్చు, పెద్ద లోన్ తీసుకుని చేరాలంటే మాత్రం నేను వద్దంటాను, స్కాలర్‌షిప్ గానీ తక్కువ ఫీజు గానీ ఉన్న చోటే చూడు.

కాలేజీ ఎంచుకునేటప్పుడు కోర్సు పేరు చూడకు, సిలబస్‌లో రీసెర్చ్ మెథడ్స్ పేపర్లు ఎన్ని ఉన్నాయో చూడు. ఒకటే ఉంటే, అదీ చివరి సెమిస్టర్లో ఉంటే, పక్కన పెట్టెయ్. ఇదే సబ్జెక్ట్ లిటరేచర్ డిపార్ట్‌మెంట్లో ఉంటే టెక్స్ట్ చదవడం గట్టిగా వస్తుంది, సోషియాలజీలో ఉంటే సర్వేలు, ఇంటర్వ్యూలు, మీడియా డిపార్ట్‌మెంట్లో అయితే కెమెరా, ఎడిటింగ్ కాస్త చేతికొస్తాయి, నీకేం కావాలో దాన్ని బట్టి. డిసర్టేషన్, అంటే సొంతంగా రీసెర్చ్ చేసి రాసే పెద్ద రిపోర్ట్, తప్పనిసరిగా ఉండాలి, ఎందుకంటే రేపు ఉద్యోగానికి చూపించుకునే పని అదే. పాసైనవాళ్లు ఇద్దరు ముగ్గుర్ని వెతికి మెసేజ్ పెట్టు, ఇప్పుడేం చేస్తున్నారో అడుగు, బ్రోచర్ చెప్పనిది వాళ్లు చెప్తారు.

అప్లై చేసేముందు ఒక పని చెయ్. ఏదైనా ఒక సీరియల్ పది ఎపిసోడ్లు తీసుకో, ఎక్సెల్‌లో ప్రతి సీన్ రాయి, ఎవరు మాట్లాడారు, ఎంతసేపు, ఎవరి మాట మధ్యలో ఎవరు తుంచారు, నిర్ణయం ఎవరు తీసుకున్నారు. అవే ఎపిసోడ్లలో రెండు నీ నవ్వే ఫ్రెండ్స్‌లో ఒకడికి ఇచ్చి వాణ్ణీ నింపమను, ఇద్దరి షీట్లు పక్కపక్కన పెట్టు, ఎక్కడ తేడా వచ్చిందో అక్కడే అసలు సబ్జెక్ట్ ఉంటుంది, ఇదే సీన్ వాడికి ప్రేమలాగా నీకు వేధింపులాగా ఎందుకు కనిపించింది అని. తర్వాత ఆ సీరియల్ చూసేవాళ్లని ముగ్గురితో మాట్లాడు, తప్పులు పట్టకుండా విను. అంతా కలిపి నాలుగైదు పేజీలు రాయి. మూడో ఎపిసోడ్‌కే విసుగొచ్చేస్తే నీకు ఇష్టమైంది సినిమాల గురించి వాదించడం, దానికి జర్నలిజం గానీ రివ్యూలు గానీ చాలు, రెండేళ్లు పెట్టక్కర్లేదు. విసుగు రాకపోతే అదే నీ ఎస్ఓపీలో, అంటే ఈ కోర్సు ఎందుకు చేద్దామనుకుంటున్నావో అప్లికేషన్‌తో రాసిచ్చే వ్యాసంలో, పెట్టు, చిన్నప్పట్నుంచి నాకు సినిమాలంటే పిచ్చి అని మాత్రం మొదలుపెట్టకు, సెలక్షన్ కమిటీలో కూర్చున్నవాళ్లు అదే లైను రోజంతా చదువుతూ ఉంటారు. నాన్నగారికి కూడా అదే ఫైల్ చూపించు, ఇంట్లో ఆయన చూసే ప్రోగ్రామ్ మీదే చేశావనుకో ఇంకా మంచిది, ఖచ్చితంగా వాదిస్తారు, ఆ వాదన కూడా నోట్ చేసుకో.