వసంత పంచమి అంటే ఏమిటి? ఆ రోజు ఏం చేస్తారు?

మాఘ శుద్ధ పంచమినే వసంత పంచమి అంటారు. దీన్ని సరస్వతీదేవి పుట్టినరోజుగా భావిస్తారు. శ్రీపంచమి అనీ పిలుస్తారు. పంచాంగం ప్రకారం వసంత రుతువు చైత్రంలో మొదలవుతుంది. ఈ పండుగ శిశిరంలోనే వచ్చి వసంతానికి స్వాగతం పలుకుతుంది.

మన తెలుగువాళ్లకు ఇది ముఖ్యంగా అక్షరాభ్యాసం రోజు. గోదావరి ఒడ్డున, నిర్మల్ జిల్లా బాసరలో ఉన్న జ్ఞాన సరస్వతి ఆలయం ఆ రోజు పసిపిల్లలతో కిటకిటలాడుతుంది. అంత రద్దీలో చంటిపిల్లలతో టెన్షన్ అనుకుంటే ఇంట్లోనే చేయించండి, ఏ లోటూ ఉండదు. పళ్లెంలో బియ్యం పోసి, పిల్లల వేలు పట్టుకుని ‘ఓం నమశ్శివాయ సిద్ధం నమః’ అని రాయిస్తారు. తర్వాత పలకా బలపం.

ఉత్తరాదిలో ఆవాలు పూసే కాలం కనుక పసుపు బట్టలు కడతారు. బెంగాల్‌లో పుస్తకాలు అమ్మవారి దగ్గర పెట్టి, ఆ రోజు చదువుకు సెలవిస్తారు.