టెక్ సందేహాలు: 32కి సరిగ్గా వచ్చింది, 102కి ఎందుకు తప్పింది?

ప్రశ్న: మాది హిందూపురం. బెంగళూరు మారతహళ్లిలో పీజీలో ఉంటూ బీసీఏ మొదటి సంవత్సరం చదువుతున్నాను. ఫారన్‌హీట్‌ను సెల్సియస్‌లోకి మార్చే ప్రోగ్రాం సి లాంగ్వేజ్‌లో రాయమన్నారు. బ్రాకెట్లో 5/9 పెట్టి, ఇంటూ ఇంకో బ్రాకెట్లో ఎఫ్ మైనస్ 32 అని రాశాను (ఎఫ్ అంటే ఫారన్‌హీట్ విలువ). 32 ఇస్తే 0.00 వచ్చింది, సంతోషించాను. తీరా చూస్తే 86 ఇచ్చినా 0.00, 212 ఇచ్చినా 0.00. ఎఫ్ మైనస్ 32ని ముందు రాసి, 5/9 చుట్టూ ఉన్న బ్రాకెట్ తీసేసి ఇంటూ 5 బై 9ని వెనక పెట్టమని రూమ్మేట్ చెప్పింది. అప్పుడు 86కి 30, 212కి 100 వచ్చాయి. కానీ ల్యాబ్‌లో మేడమ్ 102 ఇచ్చి చూసి తప్పన్నారు. ఎఫ్‌ను ఇంట్‌గా (ఇంటిజర్, అంటే పూర్ణసంఖ్య), జవాబును ఫ్లోట్‌గా (దశాంశ సంఖ్య) పెట్టాను. కంపైలర్ (ప్రోగ్రాంను కంప్యూటర్‌కు అర్థమయ్యే రూపంలోకి మార్చేది) ఒక్క ఎర్రర్ కూడా చూపడం లేదు. తప్పెక్కడుంది సార్?

జవాబు: ఫార్ములా సరిగ్గానే ఉందమ్మా. 5 బై 9 అంటే మీకు తెలిసిన అర్థం వేరు, సి లాంగ్వేజ్ చేసే పని వేరు. అటూ ఇటూ ఉన్నవి రెండూ ఇంటిజర్లే అయితే సి భాగఫలం ఒక్కటే ఉంచుకుని మిగిలింది వదిలేస్తుంది. ఐదు లడ్డూలను విరవకుండా తొమ్మిది మంది పిల్లలకు సమానంగా పంచమంటే ఒక్కొక్కరికి ఎన్ని వస్తాయి? సున్నా. ఐదూ పళ్లెంలోనే మిగిలిపోతాయి. ఆ సున్నాను మీరు దేనితో గుణించినా సున్నాయే. 32కి అసలు జవాబు కూడా సున్నాయే కాబట్టి ప్రోగ్రాం బాగుందనిపించింది.

జవాబును ఫ్లోట్‌లో పెట్టాను కదా అంటారేమో. కుడివైపు లెక్కంతా పూర్తయ్యాకే ఆ విలువ ఎడమవైపుకు వెళ్తుంది. పాలకు పెద్ద గిన్నె తీసుకెళ్లినా బూత్‌లో పోసినన్నే ఇంటికొస్తాయి. సున్నా వెళ్లి ఫ్లోట్‌లో కూర్చుంటే 0.00 అవుతుంది, అంతే.

రూమ్మేట్ చెప్పిన మార్పు సగం పనిచేసింది. ఆ సగమే మిమ్మల్ని ఎక్కువ ఇబ్బంది పెట్టింది. 86లోంచి 32 పోతే 54, ఇంటూ 5 అంటే 270, బై 9 అంటే సరిగ్గా 30. శేషం లేదు, కాబట్టి తప్పు బయటపడలేదు. 212కీ అంతే. పుస్తకాల్లో కనిపించే మైనస్ 40కీ అంతే. ఇవన్నీ 32 తీసేస్తే 9తో నిశ్శేషంగా భాగించబడే సంఖ్యలు. మేడమ్ ఇచ్చిన 102 అలాంటిది కాదు. 70 ఇంటూ 5 అంటే 350, దాన్ని 9తో భాగిస్తే 38.89 రావాలి. మీకు 38.00 వచ్చి ఉంటుంది. మన ఇళ్లలో ఎండ సంగతి సెల్సియస్‌లో మాట్లాడుకున్నా, జ్వరం మాత్రం ఇప్పటికీ నూటరెండు అనే అంటాం. ఆవిడ చాలా మంచి సంఖ్యను ఎంచుకున్నారు. ఇలాంటి టీచరు దొరకడం మీ అదృష్టం.

సరిచేయడానికి రూమ్మేట్ చెప్పిన వరుసను అలాగే ఉంచి, ఎఫ్‌ను కూడా ఫ్లోట్ చేయండి. దాంతోపాటు విలువను చదివే స్కాన్ఎఫ్‌లో పర్సెంట్ డి (పూర్ణసంఖ్య గుర్తు) తీసేసి పర్సెంట్ ఎఫ్ (ఫ్లోట్ గుర్తు) పెట్టండి. ఇది మర్చిపోతే ఇంకో కొత్త తప్పు మొదలవుతుంది. 5/9 బదులు 5.0/9 అని రాసినా 102కి సరైన జవాబే వస్తుంది. కానీ ఎఫ్ ఇంట్‌గానే ఉంటే, థర్మామీటర్‌లో కనిపించే 98.6 ఇచ్చినప్పుడు అది 98 మాత్రమే చదువుకుంటుంది. అందుకే నేను ఎఫ్‌ను ఫ్లోట్ చేసే పద్ధతే వాడతాను.

కంపైలర్ ఎందుకు ఊరుకుందంటే, ఇంటిజర్‌ను ఇంటిజర్‌తో భాగించడం సిలో తప్పు కాదు. చాలా చోట్ల కావాలనే అలా చేస్తాం. కంపైలర్ వ్యాకరణం చూస్తుంది, మీ మనసులో ఏముందో దానికి తెలియదు. తప్పెక్కడుందో తెలుసుకునే దారి డ్రై రన్, అంటే లెక్కను మెట్టు మెట్టుగా కాగితం మీద చేసి చూడడం. నోట్‌బుక్‌లో ఒక గీత గీసి, ఎడమవైపు ప్రతి మెట్టులో మీరు ఆశించే విలువ రాయండి: 70, 350, 38.89. తర్వాత ప్రోగ్రాంలో ఒక్కో మెట్టు దగ్గర విలువను తెరపై చూపే ప్రింట్ఎఫ్ పెట్టి, అది చూపిన విలువను కుడివైపు రాయండి. 70కి 70, 350కి 350, 38.89 ఎదురుగా 38. రెండు వరుసలూ ఎక్కడ విడిపోయాయో తప్పు అక్కడే. మొదటి ప్రోగ్రాంలో అయితే 5/9 ఒక్కదాన్నే ప్రింట్ చేసి ఉంటే తొలి నిమిషంలోనే సున్నా కనిపించేది. పూర్ణసంఖ్య కాబట్టి పర్సెంట్ డితోనే ప్రింట్ చేయాలి.

బ్రాకెట్ ఇటు జరిపి, లైను అటు మార్చి అదృష్టం పరీక్షించుకోవడం చాలామంది చేసే పని. నేనూ కాలేజీ ల్యాబ్‌లో ఇలాగే ఒక మధ్యాహ్నమంతా పోగొట్టుకున్నాను, ప్రోగ్రాం చివరికి పనిచేసింది గానీ ఎందుకు పనిచేసిందో తెలియలేదు. మీకలా జరగకూడదనే ఇంత పొడుగ్గా రాశాను.

ప్రశ్న: మెనూ ప్రోగ్రాంలో అంకె తీసుకున్నాక, కొనసాగించాలా అని వై లేదా ఎన్ అడుగుతున్నాను. నేను టైప్ చేసేలోపే ముందుకు దూకేస్తోంది. (బీటీఎం లేఅవుట్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: అంకె తర్వాత మీరు నొక్కిన ఎంటర్ కూడా ఒక అక్షరమే. అది చదవకుండా మిగిలిపోయి, రెండో స్కాన్ఎఫ్‌కు దొరుకుతోంది. స్కాన్ఎఫ్‌లో అక్షరాన్ని చదివే పర్సెంట్ సి ముందు, కొటేషన్ లోపల, ఒక ఖాళీ వదలండి. ఎంటర్లు, స్పేస్‌లు దాటుకుని అసలు అక్షరం కోసం ఆగుతుంది.

ప్రశ్న: మా అమ్మాయి సి, పైథాన్ నేర్చుకుంటోంది. ఇంట్లో 4 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్ ఉంది. కొత్తది కొనాలా?

జవాబు: వద్దు. తొలి ఏడాది అసైన్‌మెంట్లకు అది ధారాళంగా సరిపోతుంది. బరువైన సాఫ్ట్‌వేర్ వేయకుండా చిన్న ఎడిటర్, జీసీసీ (సి కంపైలర్), పైథాన్ 3 పెట్టించండి. జీసీసీని హైఫన్ డబ్ల్యూ ఆల్ (-Wall) అనే ఆప్షన్‌తో నడపమని చెప్పండి. ఫ్లోట్‌కు పర్సెంట్ డి పెట్టినప్పుడు అది హెచ్చరిస్తుంది.