ప్రధానోపాధ్యాయ పదవి ఒప్పుకునే ముందు

మాస్టారూ, పన్నెండేళ్లుగా ఒకే ప్రైవేటు ఉన్నత పాఠశాలలో గణితం బోధిస్తున్న మీకు వేరొక పాఠశాల ప్రధానోపాధ్యాయ పదవి ఇస్తామన్నదని, వెళితే పాత సర్వీసు ప్రయోజనాలు పోతాయేమోనని సందేహిస్తున్నట్లు రాశారు.

ఉద్యోగం వదిలేటప్పుడు యాజమాన్యం ఒకేసారి చెల్లించే గ్రాట్యుటీ పోదు. ఉపాధ్యాయులకు అది 1997 ఏప్రిల్ 3 నుంచి వర్తించేలా 2009లో చట్టాన్ని సవరించగా, ప్రైవేటు పాఠశాలల యాజమాన్యాల సవాలును సుప్రీంకోర్టు 2022లో తోసిపుచ్చింది. ఐదేళ్లు నిండినవారు రాజీనామా చేసినా, నెలకు 26 రోజుల లెక్కన, సర్వీసులోని ప్రతి ఏడాదికి 15 రోజుల వేతనం చెల్లించాలి. చివరి మూలవేతనం, కరవు భత్యం కలిపి 26,000 అయితే మీకు 1,80,000 రూపాయలు రావాలి. భవిష్యనిధిని (పీఎఫ్) మాత్రం తీసేసుకోకుండా కొత్త ఖాతాకు బదిలీ చేయించుకుంటే పింఛను సర్వీసు కొనసాగుతుంది.

ఇంతకన్నా పెద్ద చిక్కు, నా దృష్టిలో, అధికారం లేని సంతకం. పదో తరగతి నామినల్ రోల్స్ (పరీక్ష రాసే విద్యార్థుల జాబితాలు), టీసీలు మీ సంతకంతోనే వెళ్తాయి, తప్పు దొర్లితే సంజాయిషీ మీరే ఇవ్వాలి. ఫీజులు, నియామకాలు మాత్రం చాలాచోట్ల యాజమాన్యం తరఫున పాఠశాలను నడిపే కరస్పాండెంట్ గారి చేతిలోనే ఉంటాయి (వేసవిలో అడ్మిషన్ల కోసం ఇంటింటికీ తిరగమనడమూ మామూలే). అందువల్ల జీతం, విధులు, బోధన పీరియడ్లు నియామక పత్రంలో రాయించుకోండి. 1982 నాటి ఆంధ్రప్రదేశ్ విద్యా చట్టంలోని 79వ సెక్షన్ తొలగింపు విషయంలో ప్రైవేటు సిబ్బందికి కొంత రక్షణ కల్పిస్తున్నా, నియామక పత్రమే లేనివారు దాన్ని వినియోగించుకోవడం కష్టం. పత్రం ఇచ్చేది లేదంటే, జీతం ఎంత పెంచినా వెళ్లవద్దనే నా సలహా.