పికప్ మార్చే ముందు చెయ్యి చూసుకో

కర్నూలు నుంచో కడప నుంచో అమెరికాకు చదువుకొచ్చి, సెకండ్ హ్యాండ్ ఎలక్ట్రిక్ గిటార్ కొన్నావు. "అన్నా, ఏ పికప్ వేసుకోవాల?" అంటావు. పికప్ అంటే స్ట్రింగ్స్ కింద ఉండి, వాటి కంపనాన్ని కరెంటు సిగ్నల్‌గా మార్చే, వైరు చుట్టిన అయస్కాంతం. ముందు ఇది చెప్పు తమ్ముడూ: వాయించబట్టి ఎన్నాళ్లయింది?

ఏడాది లోపైతే పికప్ జోలికి పోవద్దు. కొత్త స్ట్రింగ్స్ వెయ్యి. చివరి ఫ్రెట్ దగ్గర స్ట్రింగ్ నొక్కిపట్టి, దాని అడుక్కీ పికప్‌కీ మధ్య సందు కొలువు. 2 మిల్లీమీటర్లతో మొదలుపెట్టి, పక్క స్క్రూలు తిప్పుతా చెవికి నచ్చినకాడ ఆపు. సింగిల్ కాయిల్‌ను (ఒకే వైరు చుట్ట ఉన్న పికప్‌ను) మరీ దగ్గరికి తెస్తే అయస్కాంతం స్ట్రింగ్‌ను లాగి, పై ఫ్రెట్లలో శ్రుతి వణుకుతాది.

బార్ కార్డులు (ఒక వేలు అడ్డంగా పరిచి స్ట్రింగ్స్ నొక్కేవి) శుభ్రంగా పలుకుతుంటే అప్పుడు బ్రిడ్జి పికప్ (స్ట్రింగ్స్ ఆనే బ్రిడ్జి పక్కనుండేది) ఒక్కటి మార్చు. హంబకర్ (రెండు చుట్టల పికప్) అయితే చుట్ట నిరోధం 8 కిలో ఓములకు అటూఇటూ, ఆల్నికో 5 రకం అయస్కాంతం చాలు. 16 కిలో ఓముల హాట్ (ఎక్కువ ఔట్‌పుట్) పికప్ మీద మోజు పడొద్దప్పా. మెల్లగా మీటినా గట్టిగా మీటినా ఒకే గర్జన వస్తాది. తప్పు వినపడకుంటే దిద్దుకునేదెట్ల? అయినా ఓములు చూసే బలం తేల్చొద్దు. చుట్టిన వైరు మందం, అయస్కాంతం మారితే లెక్క మారుతాది.

అన్నమయ్య కీర్తన గమకాలతో పలికించేంత చెయ్యి తిరిగితే, ఆల్నికో 2 ఉన్న తక్కువ ఔట్‌పుట్ పికప్ తీసుకో. వేలి ఒత్తిడిలో చిన్న తేడా కూడా దాంట్లో వినపడతాది. మెటల్ సంగీతం వాయించేవాళ్లకు సిరామిక్ అయస్కాంతం సరే.

పాట్లంటే వాల్యూమ్, టోన్ తిప్పే గుండీల కింది భాగాలు. సింగిల్ కాయిల్‌కు 250 కె (కిలో ఓముల) పాట్లు, హంబకర్‌కు 500 కె. హంబకర్‌కు 250 వేస్తే శబ్దం మసకబారుతాది. వైర్ల రంగులు కంపెనీకొక తీరు: సీమోర్ డంకన్‌లో హాట్ (సిగ్నల్ వైరు) నలుపు, డిమార్జియోలో ఎరుపు. డబ్బాలోని కాగితం చూడకుండా అతికించొద్దు.

ఊరి నుంచి తెచ్చిన 230 వోల్టుల సోల్డరింగ్ ఐరన్ ఇక్కడి 120 వోల్టులకు పనికిరాదు. వోల్టేజీ సగానికి తగ్గితే వేడి పావు వంతుకు పడిపోతాది; 40 వాట్లది 11 వాట్లే ఇస్తాది. సీసం సగం కరిగి అతుకు ఊడొస్తాది. ఇక్కడే 40 వాట్లది కొను. పాట్ వీపు మీద నాలుగైదు సెకన్లకు మించి పెట్టొద్దు, లోపలి ట్రాక్ మాడుతాది.

మూత బిగించకముందే యాంప్‌కు కలిపి, స్క్రూడ్రైవర్‌తో పికప్‌ల మీద తట్టి చూడు. రెండు పికప్‌లూ కలిపినప్పుడు పీలగా, ముక్కుతో పలికినట్టుంటే ఫేజ్ తిరగబడినట్టు, అంటే ఒకదాని సిగ్నల్ ఇంకోదానికి ఎదురు తిరిగినట్టు. కొత్తదాని హాట్, గ్రౌండ్ వైర్లు అటుదిటు మార్చు. తొడుగు లేని షీల్డు వైరును మాత్రం గ్రౌండ్ నుంచి కదిలించొద్దు.