డేటా లీకైంది, కేసు వేయొచ్చా?

ప్రశ్న: నా ఫోన్ నంబరు, గుర్తింపు కార్డు కాపీ లీకయ్యాయని ఒక కంపెనీ మెయిల్ పెట్టింది. డబ్బేమీ పోలేదు కానీ టెన్షన్‌గా ఉంది. పరిహారం వస్తుందా?

జవాబు: రావచ్చు, అయితే మీకు ఏ దేశపు చట్టం వర్తిస్తుందన్నదే అసలు సంగతి. యూరప్‌లో 2018 నుంచి అమల్లో ఉన్న జీడీపీఆర్ అనే డేటా రక్షణ చట్టం 82వ ఆర్టికల్ ప్రకారం డబ్బు పోకపోయినా మానసిక నష్టానికి పరిహారం అడగొచ్చు, తమ డేటా దుర్వినియోగం అవుతుందన్న భయం కూడా నష్టం కిందకు రావచ్చని అక్కడి అత్యున్నత న్యాయస్థానం 2023లో చెప్పింది, కాకపోతే ఆ భయానికి తగిన ఆధారం చూపాల్సింది మీరే. అమెరికాలో ఎక్కువగా బాధితులంతా కలిసి క్లాస్ యాక్షన్ అనే ఉమ్మడి దావా వేస్తారు, ఒక్కొక్కరి చేతికి వచ్చేది తరచూ చిన్న మొత్తమే. భారత్‌లో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కింద జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉంది, వినడానికి బాగుంటుంది గానీ అది ప్రభుత్వ ఖజానాకే పోతుంది, బాధితుడికి కాదు. ఇది నాకైతే అన్యాయంగానే అనిపిస్తుంది.

ముందు ఆ మెయిల్ డిలీట్ చేయకండి, అదే మీ మొదటి సాక్ష్యం. ఏమేం లీకయ్యాయో కంపెనీని రాతపూర్వకంగా అడగండి. జవాబు రాకపోతే డేటా రక్షణ నియంత్రణ సంస్థకు ఫిర్యాదు చేయొచ్చు, దానికి సాధారణంగా లాయర్ అక్కర్లేదు. కంపెనీ ఏదైనా ఉచిత సేవ ఇస్తామంటే, కేసు వేసే హక్కు వదులుకుంటున్నట్టు షరతు ఉందేమో చూసుకున్నాకే ఒప్పుకోండి. గడువు దాటితే కేసు నిలవదు కాబట్టి మరీ ఆలస్యం చేయొద్దు.